మిగ్-21 ఎఫ్ఎల్ ప్లాస్టిక్ నమూనా, 1/48 (అసలు విమానంలో 48వ వంతు): మా మామయ్య కోసం కడుతున్నా, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

కృష్ణలంక కుర్రాడు (విజయవాడ), 28 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు.

మొన్న శుక్రవారం చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు కదా. 1963లో అక్కడే మొదలైంది, 62 ఏళ్లకి అక్కడే ముగిసింది. మా పెద్ద మామయ్య పొద్దున్నుంచీ టీవీ ముందు నుంచి లేవలేదు. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా, అంటే విమానం బాడీ బాగుచేసే పనిలో చేశారాయన. అందులో ఆరేళ్లు తేజ్‌పూర్‌లో, మిగ్-21లో పాత రకమైన ఎఫ్ఎల్ మీద. కార్యక్రమం అయిపోయాక "వీటిల్లో నాది ఒక్కటీ లేదురా" అని టీవీ కట్టేసి పడుకున్నారు. నిజమే, మొన్న ఎగిరినవి బైసన్లు, మిగ్-21లో చివరి రకం. ఎఫ్ఎల్‌లు 2013 డిసెంబర్లోనే కలైకుండలో రిటైరైపోయాయి.

అందుకని ఆయనకి ఎఫ్ఎల్ కట్టి ఇద్దామని. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1/48 పీఎఫ్ఎం (మిగ్-21లోనే ఇంకో రకం) కిట్ ఉంది, పెట్టె నలిగింది గానీ ముక్కలన్నీ ఉన్నాయి. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మేది) కొత్తగా కొన్నా, ఇంకా నీళ్లు తప్ప ఏమీ కొట్టలేదు. ఇంతకుముందు కట్టినవి రెండే, రెండూ బ్రష్షుతో రంగు వేసినవి, రెండూ చూడ్డానికి గోడకి సున్నం వేసినట్టుంటాయి.

రెండు ప్రశ్నలు. పీఎఫ్ఎంని ఎఫ్ఎల్ చేయాలంటే ఏం మార్చాలి? ఆ వెండి రంగు ఎలా రప్పించాలి?

డెల్టా రెక్క (గుంటూరు, లక్ష్మీపురం), 28 సెప్టెంబర్ 2025, రాత్రి 10:25

స్వాగతం తమ్ముడూ. మంచి పని పెట్టుకున్నావు, కానీ తేలిక పని కాదు.

ఎఫ్ఎల్ అంటే మనకోసం చేసిన రకం, నాసిక్‌లో హెచ్‌ఏఎల్ తయారు చేసింది. మనవాళ్ల పేరు టైప్ 77. శరీరం చాలావరకు పీఎఫ్ అనే పాత రకానిది. తోక మాత్రం పీఎఫ్ఎం లాంటి వెడల్పు తోక, దాని మొదట్లో బ్రేక్ పారాచూట్ పెట్టే గొట్టం. నీ కిట్‌లో తోక సరిపోతుంది, దాన్ని ముట్టుకోకు.

అసలు తేడా కానోపీ, అంటే పైలట్ మీద ఉండే అద్దపు మూత. పీఎఫ్ఎంలో ముందు అద్దం వేరు, వెనక మూత వేరు, మూత పక్కకి తెరుచుకుంటుంది. ఎఫ్ఎల్‌లో మొత్తం ఒకటే ముక్క, ముందుకి తెరుచుకుంటుంది. ఇది ఊరికే వచ్చిన తేడా కాదు. పాత ఎస్‌కే సీటులో (ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే సీటు) పైలట్ బయటికి ఎగిరితే ఆ కానోపీ కూడా సీటుతో పాటే వెళ్లి, గాలి దెబ్బ ముఖానికి తగలకుండా అడ్డు నిలుస్తుంది. కాబట్టి కానోపీ మారిస్తే సీటు కూడా మార్చాలి. కొత్త సీటు మీద పాత మూత పెడితే తెలిసినవాడు నవ్వుతాడు. మీ మామయ్య తెలిసినవాడే.

లోపల తుపాకీ లేదు. 1971లో కొన్నింటికి పొట్ట కింద జీపీ-9 అనే పెట్టె తగిలించారు, అందులో 23 మిల్లీమీటర్ల జంట గొట్టాల తుపాకీ. తేజ్‌పూర్‌లో శిక్షణ విమానాలు కాబట్టి ఆ గొడవ నీకు అక్కర్లేదు. పొట్ట కింద 490 లీటర్ల ట్యాంకు చాలు.

ముక్కు మీద పొడుగ్గా ఉండే పిటాట్ గొట్టం (విమానం వేగం కొలవడానికి) కూడా చూసుకో. పీఎఫ్, ఎఫ్ఎల్, పీఎఫ్ఎంలలో అది పైన నడిమధ్యలో ఉంటుంది. తర్వాతి రకాల్లో కుడివైపుకి జరిగింది. బైసన్ ఫొటో చూసి పెట్టేవు సుమా.

బెజవాడ బ్రష్ (విజయవాడ, పటమట), 28 సెప్టెంబర్ 2025, రాత్రి 11:02

డెల్టా గారు మొదలుపెట్టారంటే మనకి తెల్లారినట్టే 😄

తమ్ముడూ, అవన్నీ తర్వాత. ముందు విమానం మూడు కాళ్ల మీద నిలబడుతుందో లేదో చూడు. నా మొదటి మిగ్ తోక మీద కూర్చుంది, ఇప్పటికీ అలాగే కూర్చుని ఉంది, మా ఆవిడ దానికి అగ్గిపెట్టె ఆసరా పెట్టింది. ముక్కులో ఉండే శంకువు లోపల బరువు నింపు. నేను గాలానికి కట్టే సీసపు గుండ్లు వాడతాను. చేపల సామాను అమ్మే కొట్లో గుప్పెడు అడిగితే "ఏ చేపకి?" అని అడిగాడు. మిగ్‌కి అని ఎలా చెప్పను?

శరీరం రెండు సగాలు అతికించక ముందే నింపాలి. అతికించాక గుర్తొస్తే నాలా అగ్గిపెట్టె వెతుక్కోవాలి.

గుంటూరు గరుకు (గుంటూరు, బ్రాడీపేట), 29 సెప్టెంబర్ 2025, ఉదయం 7:15

కానోపీ సంగతి నాకొదిలెయ్యండి. నా దగ్గర సగంలో ఆపేసిన పీఎఫ్ ఒకటి ఉంది, అదే కంపెనీది. దాని కానోపీ, సీటు నువ్వు తీసుకో. దసరా రద్దీ తగ్గాక విజయవాడ వస్తా, బీసెంట్ రోడ్‌లో ఎక్కడైనా కలుద్దాం. ఇప్పుడు మాత్రం రాను. అమ్మవారి దర్శనానికి వచ్చిన జనంలో ఆ అద్దం ముక్క జేబులో పెట్టుకుని నడిస్తే పొడి తప్ప ఏమీ మిగలదు.

కృష్ణలంక కుర్రాడు, 29 సెప్టెంబర్ 2025, రాత్రి 8:30

అన్నా, మీ రుణం ఎలా తీర్చుకోను!

గుంటూరు గరుకు, 29 సెప్టెంబర్ 2025, రాత్రి 8:41

కట్టి చూపించు చాలు. నేను కట్టనివి పదకొండు పెట్టెలున్నాయి, వాటిలో ఒక్కటైనా పూర్తయినట్టు ఉంటుంది.

కృష్ణలంక కుర్రాడు, 12 అక్టోబర్ 2025, సాయంత్రం 6:10

వారం నుంచి పని జరుగుతోంది. గరుకు అన్న కానోపీ, సీటు ఇచ్చారు. కాఫీ కూడా ఆయనే ఇప్పించారు.

ముక్కులో సీసపు గుండ్లు నింపి ఫెవిక్విక్‌తో కదలకుండా చేశా. సగాలు అతికించా. రెక్కలు పెట్టాక ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిస్తే 14.9 సెంటీమీటర్లు వచ్చింది. అసలు విమానం 7.15 మీటర్లు కదా, 48తో భాగిస్తే సరిగ్గా అంతే. ఎందుకో తెలీదు, ఆ లెక్క కుదిరితే భలే ఆనందం వేసింది.

ఇక ఏడుపు. కానోపీని సూపర్ గ్లూతో రెండు చోట్ల చుక్క పెట్టి నిలబెట్టా. పొద్దున చూస్తే అద్దం లోపల తెల్లగా పొగమంచు పట్టినట్టుంది. తుడిస్తే పోవట్లేదు. పైగా అన్న ఇచ్చిన కానోపీకి, నా శరీరానికి మధ్య వెనకవైపు మిల్లీమీటరు సందు. ఏం చేయాలి?

నర్సక్క (గుంటూరు, కొత్తపేట), 12 అక్టోబర్ 2025, రాత్రి 7:55

అది సూపర్ గ్లూ ఆవిరి బాబూ. ఆరేటప్పుడు ఆ ఆవిరి అద్దానికి పట్టేస్తుంది. మూసిన డబ్బాలో పెట్టావా? అయితే మరీ ఎక్కువ పడుతుంది. చుక్కలే పెట్టావు కాబట్టి సన్నటి బ్లేడుతో మెల్లగా ఊడదీయొచ్చు. తీశాక 2000 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్ది, తర్వాత మామూలు తెల్ల టూత్‌పేస్టు మెత్తటి గుడ్డ మీద వేసి పది నిమిషాలు గుండ్రంగా రుద్దు. జెల్ పేస్టు కాదు. చివర్లో మెరిసే వార్నిష్ ఒక పల్చటి పొర వేస్తే గీతలు కనపడవు.

అద్దాలకి ఎప్పుడూ ఫెవికాలే. ఆరితే కనపడదు, తప్పు జరిగితే నీళ్లతో ఊడొస్తుంది. మా హాస్పిటల్‌లో రాత్రి డ్యూటీల మధ్య ఇలాంటివి ఎన్ని నేర్చుకున్నానో.

కొండపల్లి మక్కు (కొండపల్లి), 12 అక్టోబర్ 2025, రాత్రి 9:20

సందు గురించి నేను చెప్తా. మా ఇంట్లో మూడు తరాలుగా బొమ్మలే పని. తెల్ల పొణికి చెక్కతో చేతులు, తలలు వేరువేరుగా చెక్కి అతికిస్తాం. అతుకు కనపడకుండా చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పట్టిస్తాం. మా తాత ఒక మాట అనేవాడు: సందు పెద్దదైతే మక్కు వేయకు, చెక్క వేయి. మక్కు ఆరాక కుంచించుకుపోతుంది, సందు మళ్లీ తేలుతుంది.

నీ ప్లాస్టిక్ విమానానికీ అంతే. మిల్లీమీటరు సందులో పుట్టీ కుక్కితే రంగు వేశాక గుంట పడుతుంది. కిట్ ఫ్రేమ్ నుంచో, ప్లాస్టిక్ షీటు నుంచో మిల్లీమీటరు ముక్క కోసి సందులో దూర్చి, సన్న సిమెంటు (ప్లాస్టిక్ అతికించే పల్చటి జిగురు) పట్టించు. రెండ్రోజులు ఆగి ముందు 400, తర్వాత 800 ఉప్పు కాగితంతో నున్నగా చెయ్. ఆ తర్వాత మిగిలిన వెంట్రుకవాసికే పుట్టీ.

బెజవాడ బ్రష్, 12 అక్టోబర్ 2025, రాత్రి 9:48

పుట్టీ లేకపోతే ఫెవిక్విక్‌లో టాల్కం పౌడరు కలుపు. ఆరిన గంటలోపే రుద్దెయ్, మర్నాటికి రాయైపోతుంది. మా ఇంట్లో పౌడరు డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందో చాలా కాలం ఎవరికీ అర్థం కాలేదు.

హైవే రన్‌వే (చిలకలూరిపేట), 13 అక్టోబర్ 2025, ఉదయం 6:50

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మీరంతా మిగ్ మిగ్ అంటుంటే గుర్తొచ్చింది. 2022 డిసెంబర్ 29న అద్దంకి దగ్గర కొరిశపాడు, రేణంగివరం మధ్య జాతీయ రహదారి మీద చేసిన రన్‌వేని ఎయిర్‌ఫోర్స్ వాళ్లు పరీక్షించారు కదా, నేను పొలం గట్టు మీద నిలబడి చూశా. ఏఎన్-32 వచ్చింది, సుఖోయ్ వచ్చింది. సుఖోయ్ రోడ్డు మీదకి వంగి అలా వెళ్తుంటే ఛాతీలో దడదడ. పక్కన నిలబడ్డ పెద్దాయన "మిరప తోటలో చీడంతా చచ్చుంటుంది ఈ మోతకి" అన్నాడు. ఆ వారమే 1/72 సుఖోయ్ కొన్నా. ఇప్పటికీ కట్టలేదు.

డెల్టా రెక్క, 13 అక్టోబర్ 2025, ఉదయం 8:05

ఇక్కడ కట్టనివాళ్ల సంఘం పెడితే అధ్యక్ష పదవికి పోటీ గట్టిగా ఉంటుంది. సుఖోయ్‌కి వేరే చర్చ తెరవండి సార్, ఇది మిగ్ చర్చ.

కృష్ణలంక కుర్రాడు, 2 నవంబర్ 2025, మధ్యాహ్నం 3:30

కొంప మునిగింది.

సందు బాగా పూడింది. కొండపల్లి అన్నకి దండాలు. ప్రైమర్ వేశా, దాని మీద మెరిసే నలుపు వేశా, బాగా వచ్చింది. మొంథా తుపాను వెళ్లాక నాలుగు రోజులు ఆగా. నిన్న తెల్లవారుజామున, చల్లగా ఉంటుంది కదా అని, ఐదింటికి లేచి మేడ మీద గదిలో లోహపు రంగు కొట్టా. పది నిమిషాల్లో రెక్కలన్నీ పాలు విరిగినట్టు తెల్లబడ్డాయి. కంగారులో దాన్ని తుడిచేద్దామని ఎన్‌సీ థిన్నర్ దూది మీద పోసి ఎడమ రెక్క రుద్దా. రంగుతో పాటు ప్లాస్టిక్ కూడా వచ్చేసింది. రెక్క మీద పలకల మధ్య ఉండే అతుకు గీతలు కరిగిపోయాయి. రెక్క మధ్యలో నా బొటనవేలి ముద్ర పడి ఉంది, గీతలతో సహా. ఆధార్‌కి పనికొస్తుంది.

ఆపేద్దామా అనిపిస్తోంది.

ఆటోనగర్ అన్న (విజయవాడ, ఆటోనగర్), 2 నవంబర్ 2025, సాయంత్రం 5:15

ఆపకు తమ్ముడూ. నేను బస్సు బాడీలకి రంగులు కొడతా, ఇరవై రెండేళ్ల నుంచి. ఈ వేదికలో ఎక్కువ రాయను గానీ ఇవాళ రాయాలి.

మొదటిది, తెల్లబడటం. అది రంగు తప్పు కాదు, గాలి తప్పు. నువ్వు కొట్టిన లక్కర్ రకం రంగులో ఉండే ద్రావకం త్వరగా ఎగిరిపోతుంది. ఎగిరేటప్పుడు ఆ పొర చల్లబడుతుంది. చల్లబడ్డ దాని మీద గాలిలో ఉన్న తేమ మంచు లాగా దిగుతుంది. చల్లటి సోడా గ్లాసుకి బయట నీళ్లు పట్టినట్టు. ఆ నీరు రంగులో ఇరుక్కుని తెల్లగా కనిపిస్తుంది. మా షెడ్డులో వానాకాలం రోజూ జరిగేదే.

అందరూ చేసే పొరపాటే నువ్వూ చేశావు. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, నిజమే, కానీ రోజు మొత్తంలో గాలిలో తేమ శాతం ఎక్కువ ఉండేది అప్పుడే. పైగా కృష్ణలంక, ఏటి ఒడ్డు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కొట్టు, ఎండ ఉన్న రోజు. చెమట పడుతుంది, పట్టనీ. ఏసీ గది ఉంటే గంట ముందు డ్రై మోడ్‌లో పెట్టి, కొట్టేటప్పుడు ఆపేసి, కిటికీ తెరిచి ఫ్యాన్‌తో వాసన బయటికి తోసెయ్. ముఖానికి మాస్కు లేకుండా మాత్రం వద్దు, గుడ్డ మాస్కు కాదు, బొగ్గు ఫిల్టరు ఉండేది. నా ఊపిరితిత్తుల సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా.

కంప్రెసరుకి నీళ్లు పట్టే గిన్నె ఉందా? మధ్యమధ్యలో దాని అడుగు బిరడా నొక్కి నీళ్లు వదిలెయ్యాలి. తప్పదనుకుంటే రంగులో రిటార్డర్ కొంచెం కలుపు. నెమ్మదిగా ఆరుతుంది, తేమ ఇరుక్కోదు.

రెండోది, థిన్నర్. ఎన్‌సీ థిన్నర్ ఇనుము మీద రంగుకి. ప్లాస్టిక్‌కి అది యాసిడ్‌తో సమానం. డబ్బా మీద థిన్నర్ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. నువ్వు అడగాల్సింది రుద్దే ముందు.

ఇప్పుడు ఆ రెక్కని ముట్టుకోకు. లోపల మెత్తగా ఉంటుంది. రెండు వారాలు ఫ్యాన్ కింద వదిలెయ్. గట్టిపడ్డాకే పుట్టీ, ఆ తర్వాతే కాగితం.

గుంటూరు గరుకు, 2 నవంబర్ 2025, సాయంత్రం 6:30

అన్న చెప్పింది ఫ్రేము కట్టించుకోవాలి.

కరిగిన గీతలు మళ్లీ గీయడానికి: అరిగిపోయిన పెన్నులో కుట్టు సూది బిగించు. మందపాటి టేపు అంచుగా అంటించి, బరువు పెట్టకుండా పదిసార్లు లాగు. ఒక్కసారి గట్టిగా లాగితే సూది దారి తప్పుతుంది. గీత సన్నగా ఉండాలి. 1/48లో అర మిల్లీమీటరు వెడల్పు గీశావంటే నిజం విమానం మీద 24 మిల్లీమీటర్ల సందు ఉన్నట్టు. దానిలోంచి మీ మామయ్య చెయ్యి దూరుతుంది.

డెల్టా రెక్క, 3 నవంబర్ 2025, ఉదయం 9:10

ఈ రెండు వారాలు ఖాళీయే కాబట్టి వెండి రంగు గురించి మాట్లాడుకుందాం. చాలామంది మిగ్‌ని అద్దంలా చేసేస్తారు. తప్పు. ఆ లోహం మీద పారదర్శకమైన లక్కర్ పూత ఉంటుంది, ఎండకి వానకి అది మసకబారుతుంది. అద్దంలా మెరవదు. నలుపు మీద క్రోమ్ రంగు కొట్టొద్దు, అల్యూమినియం రంగు కొట్టాలి, దాని మీద సగం మెరుపు వార్నిష్.

బెజవాడ బ్రష్, 3 నవంబర్ 2025, ఉదయం 9:32

మెరవకపోతే ఎవరు చూస్తారండీ? గూట్లో పెట్టాక దూరం నుంచి బూడిదరంగు ముద్దలా కనిపిస్తుంది. నేను చాక్లెట్ రేకుతో చేసినవాణ్ణి ఒకణ్ణి చూశా. ముక్కముక్కగా అంటించాడు, ఎంత బాగుందో.

డెల్టా రెక్క, 3 నవంబర్ 2025, ఉదయం 9:40

బాగుండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు.

బెజవాడ బ్రష్, 3 నవంబర్ 2025, ఉదయం 9:44

మీరు ఫొటోలు చూసి చెప్తున్నారు. ఫొటోలో ఎండ ఏ పక్కన ఉంటే ఆ పక్క మెరుస్తుంది.

డెల్టా రెక్క, 3 నవంబర్ 2025, ఉదయం 9:51

మరి మీరు దేన్ని చూసి చెప్తున్నారు? చాక్లెట్ చూసా?

నర్సక్క, 3 నవంబర్ 2025, ఉదయం 10:20

ఇద్దరూ ఆగండి. ఆ విమానాన్ని ఆరేళ్లు చేత్తో తుడిచిన మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు కదా. ఆయన్ని అడగండి.

కృష్ణలంక కుర్రాడు, 3 నవంబర్ 2025, రాత్రి 9:15

అక్కా, ఆయనకి చెప్పకుండా ఇద్దామనుకున్నా. కానీ థిన్నర్ వాసనకి నిన్నే మేడ మీదకి వచ్చేశారు. చూశారు. ఏమీ అనలేదు. ఎడమ రెక్క చేతిలోకి తీసుకుని "మెయిన్ స్పార్ మీదే నొక్కావే" అని మాత్రం అన్నారు. రెక్క బరువు మోసే దూలమట అది.

ఇవాళ మీ గొడవ చదివి వినిపించా. బాగా నవ్వారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా.

"మెరుస్తుందా అంటే మెరుస్తుంది, లేదంటే లేదు. మీ అమ్మమ్మ బూడిదతో తోమిన సత్తు గిన్నె గుర్తుందా? అదీ రంగు. ఎండలో పెడితే కళ్లు చెదురుతాయి, హ్యాంగర్‌లోకి తోస్తే బూడిద రంగు. మొత్తం ఒకే రంగు మాత్రం ఎప్పుడూ ఉండదు. ఒక తలుపు పాడైతే ఇంకో విమానంది తెచ్చి బిగించేవాళ్లం. దాని వయసు వేరు, దీని వయసు వేరు. దగ్గరికెళ్తే అతుకుల బొంతే."

ఇంకా: ఎడమ పక్క, నిచ్చెన ఆనించే చోట లోహం బూట్లకి గీసుకుపోయి ఉంటుందట. పొట్ట కింద నూనె మరకలు ముందు నుంచి వెనక్కి సాగి ఉంటాయట, కిందకి కారినట్టు కాదు. వెనక మంట వచ్చే భాగం కాలిన ఇత్తడి రంగు, అక్కడక్కడా నీలి ఛాయ. పై భాగం శుభ్రంగా ఉండాలట. "మురికిగా పెట్టావంటే మమ్మల్ని తిట్టినట్టే" అన్నారు.

డెల్టా రెక్క, 3 నవంబర్ 2025, రాత్రి 9:50

మరకలు వెనక్కి సాగుతాయన్నది నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. నేను కట్టిన ఏడు విమానాలకీ కిందకి కారుతున్నట్టే వేశా.

బ్రష్ గారూ, మీరు సగం కరెక్టు.

బెజవాడ బ్రష్, 3 నవంబర్ 2025, రాత్రి 9:58

ఆ మాట ప్రింటు తీసి గూట్లో పెట్టుకుంటా.

కృష్ణలంక కుర్రాడు, 23 నవంబర్ 2025, సాయంత్రం 5:40

ఎడమ రెక్క గట్టిపడింది. పుట్టీ పెట్టి, 800 నుంచి 2000 దాకా రుద్ది, పెన్ను సూదితో గీతలు గీశా. ఒక పలక మాత్రం ఎంత చేసినా చుట్టూ ఉన్నదానిలా రాలేదు, కొంచెం ఎత్తుగా ఉంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఎండలో, చెమటలో, 15 పీఎస్ఐ ప్రెషర్లో సన్నగా నాలుగు పొరలు కొట్టా. తెల్లబడలేదు! ఆటోనగర్ అన్నా, మీకు పాలాభిషేకం చేయాలి. కొన్ని పలకలకి మాస్కింగ్ టేప్ వేసి కొంచెం ముదురు, కొన్నిటికి కొంచెం లేత రంగు కొట్టా. టేపు ముందు అరచేతికి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించాకే వాడా, లేకపోతే కింది రంగు లేచిపోయేది. ఆ ఎత్తు పలకకి అన్నిటికంటే వేరే ఛాయ వేశా.

మామయ్య దాన్ని చూసి "ఇది వేరే విమానంది" అన్నారు. అవునన్నా.

తర్వాత నల్ల ఆయిల్ కలర్‌ని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి గీతల్లో పారించి, తుడిచేశా. ఇప్పుడు పిటాట్ మిగిలింది. కిట్‌లో ఇచ్చింది కాస్త లావుగా ఉంది, పైగా ఫ్రేమ్ నుంచి కోస్తుంటేనే విరిగింది.

నర్సక్క, 23 నవంబర్ 2025, రాత్రి 8:10

ఇది నా సబ్జెక్టు. మెడికల్ షాపులో మూడు సైజుల సూదులు కొను, ఒకటి ఇన్సులిన్‌ది. ఒకదానిలో ఒకటి దూరతాయి. లావుది మొదట్లో, సన్నది చివర. కావాల్సిన పొడుగు దగ్గర ఫైలుతో చుట్టూ గాడి పెట్టి విరువు. కట్టర్‌తో కోస్తే నలిగి మూసుకుపోతుంది. స్టీలు కాబట్టి రంగు కూడా అక్కర్లేదు. వాడని సూదులే సుమా! మొన మొద్దు చేశాకే పెట్టు. పిల్లలున్న ఇల్లయితే చివర చిన్న ఎర్ర తొడుగు చెయ్, నిజం విమానానికీ నేల మీద ఉన్నప్పుడు తొడుగు ఉంటుంది.

కృష్ణలంక కుర్రాడు, 30 నవంబర్ 2025, రాత్రి 10:05

పిటాట్ అయింది. అక్కా, షాపు అతను నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. విమానానికి అంటే ఇంకా అనుమానంగా చూశాడు.

మామయ్య ఒకటి అడిగారు: "ముక్కుకి ఎర్ర మూత ఏదిరా?" గాలి పీల్చే చోట పెట్టే మూతట. డ్యూటీలోకి రాగానే మొదట తీసేది అదే, పోయేటప్పుడు చివర్లో పెట్టేది అదే. ప్లాస్టిక్ షీటు గుండ్రంగా కోసి, శంకువు పట్టేంత రంధ్రం పెట్టి, ఎర్రరంగు వేసి ఇచ్చా. ఆయనే పెట్టారు. చెయ్యి కొంచెం వణుకుతుంది కానీ, మొదటిసారికే కూర్చుంది.

రేపు డికాల్స్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తులు, నంబర్లు). కొత్త వాణ్ణి, జాగ్రత్తలు చెప్పండి.

గుంటూరు గరుకు, 30 నవంబర్ 2025, రాత్రి 10:30

ముందు మెరిసే వార్నిష్ తప్పనిసరి. గరుకు మీద డికాల్ వేస్తే కింద గాలి ఇరుక్కుని వెండి పొరలా కనిపిస్తుంది. వార్నిష్ ఒక రోజు ఆరనీ. గోరువెచ్చని నీళ్లలో పది సెకన్లు ముంచి, తీసి, అదే కదిలేదాకా పక్కన పెట్టు, లాగకు. అతికే చోట ముందు కాస్త వెనిగర్ నీళ్లు రాయి. పెట్టాక తడి దూదితో మధ్య నుంచి బయటికి ఒత్తు. గుండ్రటి గుర్తులో కాషాయం బయట, పచ్చ లోపల.

కృష్ణలంక కుర్రాడు, 6 డిసెంబర్ 2025, రాత్రి 9:20

డికాల్స్ అయ్యాయి. కిట్ షీటులో ఉన్నవి వేరే దేశాలవి, అందుకని భారత గుర్తులు విడిగా కొన్నా. ఆ షీటులో ఉన్న నంబర్లలో ఒకటి వేసేశా.

మామయ్యకి చూపించా. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. రెక్క కింద చూశారు, చక్రం తిప్పి చూశారు. తర్వాత తోక దగ్గర నంబరు మీద వేలు పెట్టి "ఇది నాది కాదు" అన్నారు. లేచి వెళ్లి పాత డైరీ తెచ్చారు. అందులో ఒక నంబరుంది, పక్కన తేదీలు, ఏ రోజు ఏ భాగం మార్చారో. ఆ నంబరు ఇక్కడ రాయను, ఆయనది.

అంకెలు విడివిడిగా ఉన్న షీటు నా దగ్గరుంది. కానీ పాత నంబరు మీద పై వార్నిష్ ఇంకా వేయలేదు, కింద లోహపు రంగు. టేపుతో లాగితే రంగు కూడా వచ్చేస్తుందేమో అని టెన్షన్. ఇప్పుడెలా?

డెల్టా రెక్క, 6 డిసెంబర్ 2025, రాత్రి 9:34

టేపు వద్దు. థిన్నర్ అసలే వద్దు.

ఆటోనగర్ అన్న, 6 డిసెంబర్ 2025, రాత్రి 9:36

ఈసారి రుద్దే ముందు అడిగాడు, చూశారా.

నర్సక్క, 6 డిసెంబర్ 2025, రాత్రి 9:50

గోరువెచ్చని నీళ్లలో వెనిగర్ సగం కలుపు. దూది నంబరు అంతే సైజు కోసి, తడిపి, దాని మీద పెట్టు. పావుగంట కదిలించకు. ఆరిపోతుంటే మళ్లీ తడుపు. అంచు మెత్తబడ్డాక టూత్‌పిక్ పక్కగా ఆనించి దొర్లించు, గీకొద్దు. కింద వార్నిష్ పొర ఉంది కాబట్టి లోహపు రంగుకి ఏమీ కాదు. రాకపోతే ఇంకో పావుగంట. తొందరపడొద్దు బాబూ.

కృష్ణలంక కుర్రాడు, 7 డిసెంబర్ 2025, రాత్రి 12:15

మూడు పావుగంటలు పట్టింది. వచ్చేసింది, కింద గీత కూడా పడలేదు. కొత్త అంకెలు మామయ్య చదువుతుంటే ఒక్కొక్కటీ పెట్టా. మూడోది కొంచెం వంకరగా ఉందంటున్నారు, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూస్తున్నారు.

ఫొటోలు రేపు, పగటి వెలుగులో.